దిక్కులేని నొప్పి

రేపల్లెలో ధర్మపాల్ మాస్టారి ఇంట్లో ఆత్మ ఉందా లేదా అన్న తగాదా ఆయన పెళ్ళయిన నాటి నుంచీ నడుస్తూనే ఉంది. లోకంలో మొగుడూ పెళ్ళాలు కూరలో ఉప్పు గురించో ఆడపడుచు మాటల గురించో పోట్లాడుకుంటారు. వీళ్ళకి అలాంటి చిన్నాచితకా సంగతులు ఆనలేదు. మాస్టారు కుర్రతనంలోనే బౌద్ధ దీక్ష పుచ్చుకుని, ధర్మారావు అన్న పేరును ధర్మపాల్‌గా మార్చుకున్న సైన్సు టీచరు. ఆయన భార్య రూతమ్మ ఏ ఆదివారమూ చర్చి మానని మనిషి. పొద్దున్నే ఆయన వరండాలో త్రిశరణాలు చదువుకుంటుంటే, ఈవిడ పొయ్యి దగ్గర కీర్తన అందుకునేది. వాళ్ళ ఒక్కగానొక్క కూతురు ఉత్పల ఈ రెండింటి మధ్యా పలక పట్టుకుని కూర్చుని పెరిగింది.

"మనిషంటే ఐదు పోగుల తాడు రూతూ. ఒక్కో పోగూ విప్పుకుంటూ పో. చివరికి తాడెక్కడుంది?" అనేవారు మాస్టారు.

"తాడే లేకపోతే బావిలో నీళ్ళు ఎట్టా తోడతన్నారు మాస్టారూ?" అనేది రూతమ్మ. అక్కడితో ఊరుకునేది కాదు. "ఆత్మ లేనాయనకి గోంగూర పచ్చట్లోకి ఉల్లిపాయ లేకపోతే ముద్ద దిగదేం? దిగంది ఎవరికంట?"

మాస్టారు పకపకా నవ్వి ఉల్లిపాయ అందుకునేవారు. తగాదా మర్నాటికి వాయిదా పడేది.

ఉత్పల పెద్దయి మెదడు మీద పరిశోధన చేసే డాక్టరయింది. అమ్మానాన్నల్లో ఎవరిది గెలుపో తేల్చడానికే ఈ చదువు చదివావా అని స్నేహితులు ఏడిపించేవాళ్ళు. ఆ మాటలో కొంత నిజముందని ఆమెకి తెలుసు.

కృష్ణ ఒడ్డున ఆమె పనిచేసే పరిశోధనశాలలో తయారైన యంత్రానికి నిర్మమ అని పేరు పెట్టారు. పేరు మాస్టారే చెప్పారు, నాది అన్నది లేనిదని అర్థం. చాకలి బట్టల మీద నల్లజీడితో గుర్తు పెడతాడు చూడండి, ఏ బట్ట ఏ ఇంటిదో తెలియడానికి. మెదడు కూడా చూపుకీ, తలపుకీ, నొప్పికీ ఇది నాది అని ఒక గుర్తు వేస్తుంది. నుదుటి చుట్టూ కట్టే ఆ సన్నటి పట్టీ గుర్తు వెయ్యడాన్ని ఆపేస్తుంది. బట్ట బట్టలాగే ఉంటుంది, ఎవరిదో మాత్రం తెలియదు.

మొదటి పరీక్ష ఉత్పల తన మీదే చేసుకుంది. పట్టీ కట్టుకుని ఐసు నీళ్ళ బేసిన్లో చెయ్యి పెట్టింది. చలి కొరికింది. ఆ కొరకడం తెలుస్తూనే ఉంది, కానీ పక్కింట్లో ఎవరో తిట్టుకుంటుంటే వినబడ్డట్టుంది. వేళ్ళు నీలంగా మారాక తోటివాళ్ళే కంగారుపడి చెయ్యి లాగేశారు. యంత్రం ఆపిన మరుక్షణం ఆ అయిపోయిన నొప్పంతా ఒక్కసారిగా తిరిగొచ్చి ఆమెదై కూర్చుంది. ఆ కాసేపూ కళ్ళవెంట నీళ్ళు ధారగా కారాయి. దానికి తిరుగుటల, అంటే తిరిగొచ్చే అల, అని పేరు పెట్టి, రిపోర్టులో ఒక వాక్యం రాసి వదిలేసింది. ఒక పేరు పెట్టేస్తే చాలు, శాస్త్రవేత్తలకి సగం భయం తీరిపోతుంది.

డైరెక్టరు నరహరిగారు మంచివాడే. కేన్సరు చివరి దశలో అల్లాడే రోగులని చూసి కళ్ళనీళ్ళు పెట్టుకునే మనిషి. వాళ్ళకోసమే ఈ యంత్రంతో చిన్న వార్డు తెరిపించారు. వార్డుకి రెండు నియమాలు పెట్టారు. ఒకటి, అక్కడ ఎవరూ నొప్పి అన్న మాట ఎత్తకూడదు. గోకితే దురద ఎక్కువైనట్టు, అడిగితే నొప్పి గుర్తుకొస్తుందని ఆయన లెక్క. రెండోది, ప్రతి రోగి అరచేతిలోనూ ఒక గంట మీట పెట్టి మెత్తటి పట్టీతో కట్టాలి. ఓర్చుకోలేకపోతే నొక్కుతారు, నర్సు వచ్చి సూది వేస్తుంది. యంత్రమే వద్దనుకుంటే వదలకుండా నొక్కి పట్టుకుంటారు, ఆపేస్తారు. "అడగనిదే అమ్మయినా పెట్టదు కదా. అడిగే దారి చేతిలోనే పెట్టాం" అన్నారు నరహరిగారు. ఈ ఏర్పాటుని అందరూ మెచ్చుకున్నారు. ఉత్పల కూడా మెచ్చుకుంది.

ఆ ఏడాదే మాస్టారి వెన్నులో కేన్సరు బయటపడింది.

ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఒక్క పిల్లవాడి మీద గొంతు పెంచని మనిషి పెట్టే కేకలు బజారు చివరికి వినబడేవి. సూది వేస్తే కాసేపు ఊపిరి తీసుకునేవారు. మందు దిగగానే మళ్ళీ మొదలు. కేకకీ కేకకీ మధ్య రూతమ్మ చెయ్యి పట్టుకుని, "క్షమించు రూతూ, నిన్ను నిద్రపోనీడం లేదు" అనేవారు. ఆ మాట వినలేక ఉత్పల పెరట్లోకి వెళ్ళిపోయేది.

ఒక రోజు మాస్టారే అడిగారు. "నీ పట్టీ నాకూ కట్టమ్మా. ఇన్నాళ్ళూ బోర్డు మీద చెప్పిన పాఠం. ఇప్పుడు ప్రాక్టికల్సు."

"అది కట్టినాక మీరు మీరుగా ఉంటారా?" అంది రూతమ్మ.

"నేనెప్పుడు నేనుగా ఉన్నాను రూతూ?" అని నవ్వబోయి, నొప్పికి పళ్ళు బిగించారు. తేరుకున్నాక నెమ్మదిగా అన్నారు. "భయపడకు. చేతిలో గంట ఉంటుందంట. నీకు దూరమైపోతున్నానని అనిపిస్తే నొక్కుతాను. మాటిస్తున్నా."

తిరుగుటల సంగతి ఉత్పల గొంతు దాకా వచ్చింది. అది కాసేపటి ముచ్చటే కదా అని దిగమింగుకుంది. నాన్న కేకలు ఆగాలి. అప్పుడామెకి అదొక్కటే కావాలి.

పట్టీ కట్టి యంత్రం వేసిన క్షణం ఉత్పల జీవితంలో మరిచిపోలేదు. ముడుచుకుపోయిన మాస్టారి మొహం, దుప్పటి మీద చేత్తో రాస్తే మడతలు పోయినట్టు, నున్నగా అయింది. గట్టిగా పట్టుకున్న మంచం పట్టె వదిలేశారు. నోరు మూతపడింది. వార్డంతా నిశ్శబ్దమైపోయింది. రూతమ్మ మోకాళ్ళ మీద కూలబడి దేవుడికి స్తోత్రం చెప్పింది. నరహరిగారు బందరు లడ్లు తెప్పించి అందరికీ పంచారు. పక్క మంచం మీద మంగళగిరి నేతగాడు శివయ్య, దగ్గర ఆయన భార్య పున్నమ్మ. ఆవిడ ఉత్పల రెండు చేతులూ కళ్ళకద్దుకుని, "మా ఇంటాయన పండుకుంటన్నాడమ్మా, నీ కడుపు చల్లగుండ" అంది.

వారాలు గడిచాయి. వార్డులో ఒక్క గంటా మోగలేదు. అడగడం లేదంటే అక్కర్లేదనే కదా అని సూదులు తగ్గించారు, తరవాత మానేశారు. అంత బలమైన మందులు మానిపించిన వైద్యం ఇంకెక్కడా లేదని పేరొచ్చింది.

రూతమ్మ రోజూ రేపల్లెలో బస్సెక్కి కేరేజీ తెచ్చేది. మొదట్లో సంతోషంగానే వచ్చింది. పోగా పోగా ఆమె మాటలు తగ్గాయి.

"మీ నాన్న యాడికి పొయ్యాడే?" అని అడిగింది ఒక మధ్యాహ్నం, వరండాలో.

"అక్కడే ఉన్నారు గదమ్మా."

"నేనొస్తే చూస్తాడు. పైన ఫ్యాను తిరుగుతా ఉంటే దాన్నీ అట్టాగే చూస్తాడు. నిన్న కావాలనే గోంగూర ఉల్లిపాయ లేకుండా పెట్టా. తిన్నాడు. ఇయ్యాల ఉప్పు కూడా ఎయ్యలా. తిన్నాడు. నా మీద ఒక్క మాటంటే ఒక్క మాట..." ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఏసు పేరెత్తితే ఎగిరిపడే మనిషే, పక్కన కూకోని ప్రార్థన చేసినా పలకట్లా."

ఉత్పల సర్దిచెప్పబోయింది. మందు మత్తు అనడానికి లేదు, మందులే లేవు. తల్లితో పాటు వార్డులోకి నడిచింది.

మాస్టారు వెల్లకిలా పడుకుని ఉన్నారు. పొద్దున ఆయన కాళ్ళు చల్లబడ్డాయని నర్సు విమల వేడినీళ్ళ సంచి పెట్టి వెళ్ళింది. దాని మూత వదులై నీళ్ళు కారినట్టున్నాయి, దుప్పటి తడిసి ఉంది. రూతమ్మ దుప్పటి తీసింది. తొడ మీద చర్మం బొబ్బలెక్కి ఊడి వచ్చింది.

"అయ్యో తండ్రీ!" అని, వార్డు నియమం ఆమెకేం తెలుసు, అడిగేసింది. "నొప్పిగా లేదా?"

"ఉంది" అన్నారు మాస్టారు. వాన పడుతోందా అంటే పడుతోంది అన్నట్టు చెప్పారు.

ఉత్పల మంచం మీదకి వంగింది. "ఎప్పటి నుంచి నాన్నా?"

"కాల్లో పొద్దుటి నుంచి. వెన్నులో ముందు నుంచీ ఉంది. ఇప్పుడు బాగా పెరిగింది."

"మరి గంట నొక్కలేదేం?"

ఆయన అరచేతిలోని మీటని కాసేపు చూశారు. బడిలో పిల్లవాడి ప్రశ్నకి సరిగ్గా జవాబు చెప్పాలని ఆలోచించేవారే, అలా ఆలోచించారు. "నొక్కాలని ఎవరికీ అనిపించలేదు" అన్నారు.

ఆ సాయంత్రం ఉత్పల యంత్రాల గదిలో తలుపేసుకుని కూర్చుంది. ఇన్నాళ్ళూ వాళ్ళు చూసింది మెదడు వేసే గుర్తు ఆగిందా లేదా అన్నదీ, గంట మోగిందా లేదా అన్నదీ. యంత్రం గీసే నొప్పి గీత ఎలా ఉందో ఎవరూ తిప్పి చూడలేదు. గంటే మోగనప్పుడు చూడటమెందుకు? ఇప్పుడు చూసింది. నాన్నది కొండలా ఉంది. శివయ్యది అంతకన్నా పెద్దది. వార్డులో ప్రతి మంచం మీదా నొప్పి పూర్తిగా, ఒక్క పిసరు తగ్గకుండా ఉంది. పైగా సూదులు మానేశాక పెరిగింది.

నరహరిగారు ఆ గీతల కాగితం రెండుసార్లు తిప్పి చూశారు. చివరికి అన్నారు. "నొప్పి ఉందమ్మా, ఒప్పుకుంటాను. కానీ బాధపడేవాడు లేడు కదా. పడేవాడు లేనప్పుడు అది బాధెలా అవుతుంది? ఈ మాట నాకు చెప్పింది మీ నాన్నగారే."

"నాన్న చెప్పిన మాటకి అర్థం ఇదేనా అని నాన్ననే అడుగుతాను సార్."

"అడగాలంటే యంత్రం ఆపాలి. ఆపితే తిరుగుటల. నువ్వే రాశావు."

అవును, తనే రాసింది. చెయ్యి ఐసు నీళ్ళలో కాసేపుంటేనే అంత వచ్చింది. ఇన్ని వారాల నొప్పి, కాలిన కాలు, సూదులు లేని పగళ్ళూ రాత్రుళ్ళూ, అన్నీ గుర్తులు వేయించుకుని ఒక్కసారి నాన్న మీద పడతాయి. కన్నతండ్రిని ఆమె ఎలా అలా లేపగలదు? లేపకుండా, ఆయన ఇష్టమేమిటో తెలియకుండా, ఎలా ఉంచగలదు?

తల్లికి అంతా దాచకుండా చెప్పింది. తిరుగుటల సంగతి కూడా, ముందే తెలిసి చెప్పలేదన్న సంగతి కూడా.

రూతమ్మ తిట్టలేదు. తిడితే బాగుండునని ఉత్పలకి అనిపించింది. "ఆయన నాకు మాటిచ్చాడు" అంది. "దూరమైతే గంట నొక్కుతానన్నాడు. ఇచ్చిన మాట నిలబెట్టుకునే వీలు లేకుండా చేశారు గదే మీరు. ఒకసారి పిలువు. అడుగుదాం. ఆయనేమంటే అది."

మర్నాడు పొద్దున, విమల సూది సిద్ధంగా పట్టుకుని నిలబడగా, ఉత్పల యంత్రం ఆపింది.

ముందు ఏమీ కాలేదు. తరవాత మాస్టారి కళ్ళు రూతమ్మ మీద నిలిచాయి. చూసింది ఆయనే. రూతమ్మకి ఆ చూపు తెలుసు, మొహం వెలిగింది. "రూ..." అన్నారాయన. ఆ మాట పూర్తి కాలేదు. లోపలి నుంచి వచ్చింది కేక కాదు, కేక కన్నా అడుగున ఉండేది ఏదో. ఒళ్ళంతా విల్లులా వంగింది. ఇన్ని వారాల నొప్పీ దారి తెలుసుకుని ఇంటికొచ్చింది. విమల చేతిలోంచి లాక్కుని సూది ఉత్పలే వేసింది. రూతమ్మ ఆయన తల ఒళ్ళోకి తీసుకుని, తండ్రీ తండ్రీ అంటూ ఊగింది. ఉత్పల చెవులు మూసుకోలేదు. మూసుకునే హక్కు తనకి లేదనుకుంది.

మందు కాస్త పట్టాక ఆయన కళ్ళు తెరిచారు. పెదాలు కొరుక్కోవడంతో రక్తం వచ్చింది. రూతమ్మ కొంగుతో తుడిచింది.

"మాస్టారూ..."

"గోంగూరలో ఉప్పు లేదు" అన్నారు గొణుగుతూ. రూతమ్మ ఏడుస్తూనే నవ్వింది.

"నాన్నా, నన్ను క్షమించు" అంది ఉత్పల. "చెప్పు నాన్నా. అక్కడ ఎలా ఉంది?"

ఆయన ఊపిరి కూడదీసుకుంటూ, ముక్కలు ముక్కలుగా చెప్పారు. "నేను లేనమ్మా అక్కడ. అది నిజమే. పాఠం తప్పు కాదు. కానీ నొప్పి ఉంది. ఒక్కటే ఉంది. ఏడవడానికి మనిషి లేడు, ఓదార్చడానికి మనిషి లేడు. దిక్కులేనిదైపోయింది." మళ్ళీ పళ్ళు బిగించారు. "నాది అన్న పట్టు వదిలితే కరుణ మిగలాలి తల్లీ. పక్క మంచం మీద శివయ్య వణుకుతా ఉంటే చూశాను. రోజూ చూశాను. జాలే కలగలేదు. ఇది బుద్ధుడు చెప్పింది కాదు."

"ఇంక వెయ్యను నాన్నా. తీసేస్తాను."

మందు దిగిపోతోంది. ఆయన వేళ్ళు రూతమ్మ మణికట్టు మీద బిగుసుకున్నాయి, గోళ్ళు దిగాయి. ఆమె చెయ్యి లాక్కోలేదు.

"నేను..." అన్నారు. సిగ్గుపడుతున్నట్టు ఆగారు. "నేను తట్టుకోలేనమ్మా."

ఆయన్ని పిలవమని పట్టుబట్టింది రూతమ్మే. మళ్ళీ వేస్తే ఇక లేపడమనేది ఉండదని, ప్రతి రోజూ తిరుగుటలని ఇంకాస్త పెంచుతుందని, ఆమెకి ఉత్పల చెప్పే ఉంది. ఇప్పుడు పంపిస్తే ఇదే ఆఖరు.

రూతమ్మ వంగి ఆయన నుదుటి మీద ముద్దు పెట్టుకుంది. కూతురి ముందు అలా ఎప్పుడూ చేసి ఎరగదు. "ఎయ్యమ్మా" అంది. "చూసుకున్నా. చాలు."

"ఆగు" అన్నారు మాస్టారు. అరచేతికి కట్టిన గంట మీటని ఎడం చేత్తో పీకడానికి ప్రయత్నించారు. వేళ్ళు సహకరించలేదు. ఉత్పల విప్పింది. "ఇది నా చేతిలో ఎందుకు? నొక్కేవాడు ఉండడు. ఇక్కడ నొప్పి మాత్రం ఉంటుంది. ఎవరూ లేరు గదా అని వదిలెయ్యకండి దాన్ని."

ఉత్పల యంత్రం వేసింది. గోళ్ళు రూతమ్మ చర్మంలోంచి ఒక్కొక్కటే వదులయ్యాయి. మొహం నున్నగా అయింది. ఆయన కళ్ళు రూతమ్మ మొహం మీద నుంచి ఫ్యాను మీదకి, ఫ్యాను మీద నుంచి గోడ మీదకి వెళ్ళాయి.

విమల అలవాటు కొద్దీ మీటని మళ్ళీ ఆయన అరచేతిలో పెట్టబోయింది. రూతమ్మ అందుకుని తన గుప్పిట్లో పెట్టుకుంది.

ఆ రోజు నుంచి ఆమె రేపల్లె వెళ్ళలేదు. మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. తడిగుడ్డతో పెదాలు తుడిచేది. కాలిన చోట వెన్న రాసినట్టు మెత్తగా మందు రాసేది. గోంగూరలోకి ఉల్లిపాయ తరిగి పెట్టేది. తినే మనిషికి అక్కర్లేదని తెలిసినా తరిగేది. గడియకోసారి వంగి అడిగేది.

"నొప్పుందా మాస్టారూ?"

"ఉంది."

"ఎక్కువైందా?"

"ఎక్కువైంది."

ఆ మాటకి ఆయన మొహంలో ఏమీ మారేది కాదు. రూతమ్మ మొహం మాత్రం ముడుచుకుపోయేది. ఒకప్పుడు ఆయన మొహం ఎలా ముడుచుకునేదో అలాగే, అదే వైపు నోరు వంకర పోయి, కళ్ళు చిట్లి. గాజు తలుపు అవతల నిలబడి ఉత్పల అది చూసింది.

ఒక పొద్దున, నరహరిగారు రౌండ్సుకి వచ్చి ఉండగా, ఆ వార్డులో మొదటిసారి గంట మోగింది. అందరూ ఉలిక్కిపడ్డారు. విమల పరిగెత్తుకొచ్చి మంచాలన్నీ చూసింది. అందరూ కదలకుండా, ప్రశాంతంగా పడుకుని ఉన్నారు. గంట మోగుతూనే ఉంది. చివరికి రూతమ్మ గుప్పిట చూసింది.

"రోగి నొక్కాలమ్మా అది. మీరు నొక్కకూడదు" అంది విమల. "ఎవరికి నొప్పి?"

"నాకు" అంది రూతమ్మ. "సూది ఆయనకెయ్యి."

విమల డైరెక్టరు వైపు చూసింది. నరహరిగారు ఏదో అనబోయి, ఉత్పల మొహం చూసి, తల దించుకున్నారు. ఉత్పల తనే మందు సీసా తెరిచి సూదిలోకి తీసుకుంది. నాన్నకి వేసింది. ఆయన మొహం మారలేదు. స్టూలు మీద కూర్చున్న అమ్మ మాత్రం గట్టిగా ఊపిరి వదిలి, కళ్ళు మూసుకుంది.

పక్క మంచం దగ్గర పున్నమ్మ ఇదంతా చూస్తోంది. లేచి నిలబడింది. శివయ్య అరచేతికి కట్టిన పట్టీ ముడి విప్పడానికి ఆమె వేళ్ళు తడబడ్డాయి. విప్పి, మీట తన చేతిలోకి తీసుకుని, భర్త చెవి దగ్గరికి వంగింది.

"నొప్పిగా ఉందా అయ్యా?" అని అడిగింది.